కంచెకు కావలి

ఏ పెద్ద ఓడరేవును చూడబోయినను ఓడలకంటె ముందుగా మన కంటబడునది గోడ. ఆ గోడమీద ముండ్లతీగ యుండును. దానికి పైగా దీపస్తంభములు నిలిచి రాత్రిని పగలుగా జేయుచుండును. ద్వారమువద్ద లారీలు బారులు దీరియుండును. కావలివారు ప్రతి డ్రైవరు చేతిలోని అనుమతిపత్రమును చూచి, లారీలోని సరకును ఆ పత్రముతో సరిపోల్చి, ఆ పిమ్మట గాని లోనికి విడువరు. వేడుక చూడవచ్చిన పిల్లవాడు, "సముద్రము అందరిదియు గదా నాన్నా! దానిని చూచుటకు ఇన్ని అడ్డంకులేల?" అని తండ్రినడుగును. ఆ ప్రశ్న సహజమైనదే. అయితే దానికి సరియైన సమాధానము చెప్పవలెనన్నచో గోడను గూర్చి మాత్రమే చెప్పిన చాలదు. ఆ గోడను ఎవరు కట్టించిరి, ఎవరు కట్టిరి, కట్టిన పనిని ఎవరు పరీక్షించిరి యను సంగతులను గూడ చెప్పవలసియుండును.

ఓడరేవు దేశమునకు సింహద్వారము వంటిది. బొగ్గు, ఇనుపఖనిజము, నూనె, ఎరువులు, ధాన్యము, యంత్రములు ఈ ద్వారముగుండ వచ్చుచు పోవుచుండును. వచ్చిన సరకు దొంగలపాలు గాక సొంతదారునికి చేరవలెను. దానిపై విధింపబడిన సుంకము ప్రభుత్వమునకు చేరవలెను. ఆయుధములు, మాదకద్రవ్యములు మొదలగునవి చాటుగా లోనికి రాగూడదు. అనుమతి లేనివారు ఓడలనెక్కి ఇతర దేశములకు పోగూడదు. ఇదిగాక, పెద్ద బరువులను మోయు క్రేనులు తిరుగుచోట, మండిపోవు సరకులను నిలువజేయుచోట దారితప్పి వచ్చినవాని ప్రాణమునకే ముప్పు కలదు. కావున ఆ గోడ సరకునకే కాదు, వెలుపల నిలిచి ప్రశ్నించిన ఆ పిల్లవానికి గూడ రక్షణయే.

ఓడరేవునకు గోడ యెందులకను ప్రశ్నకు చరిత్రలో మంచి సమాధానము చెప్పిన నగరము లండను. 18వ శతాబ్దము చివరినాటికి థేమ్సు నదిపై జరుగు వాణిజ్యము లోకములోనెల్ల మిక్కిలి గొప్ప వాణిజ్యములలో నొకటి. కాని సుంకము చెల్లింపవలసిన సరకును దింపుటకు చట్టము అనుమతించిన రేవుకట్టలు లండను వంతెనకు, దుర్గమునకు నడుమ సుమారు 1,400 అడుగుల పొడవున మాత్రమే యుండెను. ఎలిజబెతు రాణి కాలమున ఏర్పడిన ఆ హద్దు రెండువందల యేండ్లు గడచినను పెరుగలేదు. ఓడలు మాత్రము అనేక రెట్లు పెరిగినవి. అందుచే వెస్టిండీసు దీవులనుండి పంచదార, రమ్ము, కాఫీ దెచ్చిన ఓడలు నది నడుమనే వారములతరబడి నిలిచియుండెడివి. సరకును చిన్నపడవలలోనికి దింపి, ఆ పడవలను గూడ రోజులతరబడి ఆరుబయటనే యుంచెడివారు. ఆ పంచదారను పండించినవారు ఆఫ్రికానుండి బలవంతముగా తేబడిన బానిసలు. వారి చెమటను దోచిన వర్తకులు తమ సరకు దోపిడి యగుచున్నదని లండనులో మొరపెట్టుకొనిరి. చరిత్రలో ఇట్టి విపరీతములు పెక్కులు గలవు.

ఆ దొంగతనములు జరిగిన తీరు గమనింపదగినది. కొందరు పనివారు పొడవైన వస్త్రములను నడుమునకు చుట్టుకొని వచ్చి, ఆ మడతలలో పంచదారను దాచుకొనిపోయెడివారు. కొందరు ఓడలోని అధికారులతోనే లోపాయికారీగా మాట్లాడుకొని, రాత్రివేళ పీపాలను తెరచి సంచులు నింపుకొనెడివారు. సుంకపు కొలువులోని చిన్న ఉద్యోగులు కొందరు కనులు మూసికొని వాటా పుచ్చుకొనెడివారు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు" అను మన సామెత అచ్చట అక్షరాల నిజమయ్యెను. వెలుపలినుండి వచ్చిన దొంగలకంటె లోపలివారి చేతివాటమే అధికనష్టమును గలిగించెను.

పాట్రిక్ కోలుహూన్ అను న్యాయాధికారి ఈ విషయమును శ్రద్ధగా విచారించి, ఏటేట నదిపై పోవుచున్న సొత్తు విలువ సుమారు 5 లక్షల పౌనులని అంచనా కట్టెను. జాన్ హారియట్ అను నావికుడు, కోలుహూన్ కలిసి వేసిన ప్రణాళికననుసరించి 1798 జులైలో వాపింగు అనుచోట నదీరక్షకదళమొకటి ఏర్పడెను. అందుకు కావలసిన ధనములో పెద్దభాగమును వర్తకులే యిచ్చిరి. ఆ దళమువారు చేసిన మొదటిపని దొంగలను తరుముట మాత్రమే కాదు. సరకు దింపు కూలీల పేర్లను పట్టికలో వ్రాసికొనిరి; వారికి నిర్ణీతమైన కూలి యేర్పరచిరి; వదులైన దుస్తులతో పనిలోనికి రాగూడదనిరి. అంతవరకు కూలీలకు సరియైన వేతనము లేక, "నేల రాలినది నీది" అను తీరున జరుగుచుండెను. నేల రాలినది చాలనప్పుడు రాల్చుకొనుట అలవాటయ్యెను. ఆ మర్యాద ఒక్కసారిగా ఆగిపోవుటచే ఆ యేడు అక్టోబరులో పెద్ద అల్లరి జరిగి, దళములో నొకడు ప్రాణము గోల్పోయెను. అయినను దొంగతనములు తగ్గినందున, 1800లో పార్లమెంటు చట్టము చేసి ఆ దళమును ప్రభుత్వపు కొలువుగా మార్చెను.

అటుపిమ్మట గోడ వచ్చెను. 1799లో పార్లమెంటు అనుమతి పొంది, ఐల్ ఆఫ్ డాగ్సు అను ప్రదేశమున వెస్టిండియా రేవును త్రవ్వించిరి. 1802 ఆగస్టులో అది తెరువబడెను. దానిచుట్టు సుమారు 20 అడుగుల ఎత్తున ఇటుకగోడను, ఆ గోడ వెలుపల నీటికందకమును నిర్మించిరి. కోటవలె గట్టిగా కట్టిన యీ రేవులో ఓడ, సరకు, గిడ్డంగి మూడును ఒకే ప్రహరిలోనికి చేరెను. ద్వారములు కొలదిగా నుండుటచే వచ్చిపోవువారిని పరీక్షించుట సులువయ్యెను. ఓడరేవునకు గోడ యేలయను ప్రశ్నకు లండను చెప్పిన సమాధానమిదియే. కాని గోడతోపాటు మంచి కూలి, నమ్మకమైన లెక్క, నిజాయితీగల కావలి లేనిచో ఎత్తైన గోడ యైనను నిష్ప్రయోజనమని గూడ ఆ చరిత్రయే చెప్పుచున్నది.

అటుపై రెండువందల యేండ్లకు అదే లండను నగరమున ఓడరేవుల రక్షణను గూర్చి లోకమంతటికి వర్తించు నియమములు పుట్టెను. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానములతో జరిగిన దాడుల తరువాత, విమానములవలెనే ఓడలును ఆయుధములుగా మారవచ్చునను భయము కలిగెను. లండనులో కార్యాలయముగల అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2002 డిసెంబరులో ఓడల, ఓడరేవుల రక్షణ నియమావళిని ఆమోదించెను. అది 2004 జులై 1నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము విదేశీ ఓడలు వచ్చు ప్రతిరేవును తనకు గల అపాయములను ముందుగా అంచనా వేసికొనవలెను; రక్షణప్రణాళికను వ్రాసికొనవలెను; దానికి బాధ్యుడగు అధికారిని నియమింపవలెను. అపాయము కొలది జాగ్రత్త హెచ్చించుటకు మూడు మెట్లేర్పరుపబడెను. మన దేశమునకు గూడ ఈ నియమములు వర్తించును. 1933లో తెరువబడిన విశాఖపట్టణపు ఓడరేవు మొదలగు ప్రధానరేవులలో, 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమువారు కావలి కాయుచున్నారు.

నియమమును వ్రాయుట ఒకయెత్తు. గోడను కట్టుట ఒకయెత్తు. సముద్రతీరమున గోడ కట్టుట ఊరిలో గోడ కట్టినంత సులభము కాదు. ఉప్పుగాలి ఇనుమునకు పగ. కాంక్రీటులోని సన్నని రంధ్రములగుండ ఉప్పు మెల్లగా లోనికి దిగి ఇనుపకడ్డీని చేరును. కడ్డీ త్రుప్పుపట్టినప్పుడు ఆ త్రుప్పు ఇనుముకంటె ఎక్కువచోటు నాక్రమించును. అందుచే లోపలినుండియే కాంక్రీటు పగిలి పెళ్ళలుగా రాలిపోవును. ఇట్లు జరుగకుండుటకై కడ్డీకి పైగా కాంక్రీటు చాల మందముగా నుండవలెను. సముద్రపుగాలికి గురియగు కట్టడములలో ఈ మందము 45 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన భారతప్రమాణములు చెప్పుచున్నవి. ముండ్లతీగకు జింకుపూత దళసరిగా నుండవలెను. వాననీరు పోవు కాలువ గోడక్రిందనుండి పోవుచోట ఇనుపచువ్వలు బిగింపవలెను; లేనిచో ఎంత ఎత్తైన గోడకైనను ఆ కాలువయే దొంగదారి యగును.

ఇందులో ఒక చిక్కు కలదు. కాంక్రీటు మందము గోడ కట్టిన తరువాత కంటికి కనబడదు. ఒక గుత్తేదారుడు 45 మిల్లీమీటర్లకు బదులు 25 మిల్లీమీటర్లే వదలెననుకొనుడు. సున్నము కొట్టి రంగువేసిన పిమ్మట రెండు గోడలును ఒకేవిధముగా నుండును. ప్రారంభోత్సవమునాడు పూలమాలలు రెండింటికిని సమముగానే అందగించును. భేదము తెలియునది కొన్నియేండ్లకు. అప్పటికి గుత్తేదారుడు సొమ్ము పుచ్చుకొని వెడలిపోయియుండును. సంతకము చేసిన ఇంజనీరు వేరొకయూరికి బదిలీయైపోయియుండును. కావున గోడలో దాగియున్న ఇనుమునకు సాక్షి, పని జరుగుచున్న దినమున అక్కడ నిలిచి కొలిచి, కొలతల పుస్తకములో ఉన్నదున్నట్లు వ్రాసిన మనుష్యుడొక్కడే.

ప్రభుత్వము పనులను గుత్తకిచ్చు పద్ధతిని ఇచ్చట తెలిసికొనవలెను. మొదట ఇంజనీర్లు పనికి అంచనా వేయుదురు. తరువాత టెండరు ప్రకటన వెలువడును. పనిచేయగోరువారు బయానా ధరావతు చెల్లించి తమ ధరలను తెలుపుదురు. పూర్వము ఈ ధరలను లక్కముద్ర వేసిన కవరులలో నుంచెడివారు; నేడు కంప్యూటరుద్వారా పంపుచున్నారు. ముందుగా వారి యోగ్యతను, అనుభవమును పరీక్షించి, అర్హులైనవారి ధరలను మాత్రము తెరచి చూచెదరు. సామాన్యముగా అందరికంటె తక్కువ ధర వ్రాసినవానికి పని దక్కును. పని నడుచుచుండగా కొలతలు తీసి సొమ్ము చెల్లింతురు. పూర్తియైన పిదప గూడ కొంతకాలము లోపములను గుత్తేదారుడే సరిచేయవలెను. ఈ మెట్లన్నియు ఎందులకు? ప్రజలధనము ప్రజలపనికే వినియోగము కావలెననియు, అధికారి బంధువునకో స్నేహితునకో కాక, సమర్థునకే పని దక్కవలెననియు.

ప్రతి మెట్టువద్దను జారిపడుటకు వీలు కలదు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో ప్రభుత్వధనము నపహరించు మార్గములు నలువది గలవని లెక్కవేసెను. కాలము మారినను ఆ విద్య అంతరింపలేదు. టెండరులో ఒక్కనికి మాత్రమే సరిపడునట్లు నిబంధనలు వ్రాయుట ఒక మార్గము. పోటీదారులందరును ముందుగా కుమ్మక్కై, "ఈసారి నీవు, మరుసటిసారి నేను" అని పంచుకొని, మిగిలినవారు కావలెననియే హెచ్చుధరలు వ్రాయుట మరియొక మార్గము. ఇట్టి కుమ్మక్కును 2002లో మన పార్లమెంటు చేసిన పోటీచట్టము నిషేధించినది. పని సంపాదించుటకై మిక్కిలి తక్కువ ధర వ్రాసి, తరువాత "అదనపు పని" పేరుతో సొమ్ము పెంచుకొనుట ఇంకొక మార్గము. ఒకే పనిని చిన్నచిన్న ముక్కలుగా జేసి, పై అధికారి అనుమతి యక్కరలేకుండ తప్పించుకొనుట వేరొకటి. ఇవన్నియు ఏ పనియందైనను చెరుపే. కాని రక్షణకొరకు కట్టు కంచెయందు జరిగినచో, "కంచె చేను మేసినట్లు" అను సామెతకు ఇంతకంటె తగిన యుదాహరణము దొరకదు.

ధనమునకు లోటులేని దేశములందు గూడ ఇట్టి చిక్కులు కలుగును. అమెరికా దేశపు ఓడరేవులలో 2001 తరువాత ద్వారములవద్ద ఒక విధమైన యంత్రములను నిలిపిరి. సరకుపెట్టెలను మోయు లారీ ఆ యంత్రస్తంభముల నడుమగా పోవునప్పుడు, లోపల అణుధార్మిక పదార్థమున్నచో గంట మ్రోగును. కాని ఆ యంత్రములు ధార్మికత యున్నదని మాత్రమే చెప్పగలవు. అది ఏ పదార్థమో చెప్పలేవు. పింగాణీ పలకలు, గ్రానైటు రాళ్ళు, పొటాషు ఎరువులు మొదలగు వానియందు గూడ సహజముగా కొంత ధార్మికత యుండును. అందుచే నిర్దోషమైన లారీలకు గూడ గంట మ్రోగి, వానినన్నిటిని ప్రక్కకు దీసి వెదకవలసి వచ్చుచుండెను.

పదార్థమునే గుర్తింపగల క్రొత్తయంత్రములు కావలెనని ఆ దేశపు ప్రభుత్వము తలచెను. పాతవానికంటె వాని వెల అనేకరెట్లు హెచ్చు. 2006లో మూడు కంపెనీలతో, ముందుముందు 100 కోట్ల డాలర్లకు మించగల ఒప్పందములు జరిగినవి. క్రొత్తయంత్రములు పాతవానికంటె నిజముగా చెప్పుకోదగినంత మేలైనవని రుజువైన పిమ్మటనే వానిని పెద్దసంఖ్యలో కొనవలెనని అచ్చటి పార్లమెంటు నిబంధన విధించెను. కావున 2007లో పరీక్షలు జరిపిరి.

ఆ పరీక్షలను ప్రభుత్వపు లెక్కలను పరిశీలించు కార్యాలయమువారు విచారించి, అదే యేడు సెప్టెంబరులో తమ యభిప్రాయమును పార్లమెంటునకు తెలిపిరి. అసలు పరీక్షలో వాడబోవు పదార్థములనే దాదాపుగా అన్నిటిని ముందుగా యంత్రముల యెదుట పెట్టి చూచిరనియు, వచ్చిన ఫలితములనుబట్టి కంపెనీలవారు తమ యంత్రములను సవరించుకొనుటకు అవకాశమిచ్చిరనియు, అందుచే ఆ పరీక్ష పక్షపాతముతో గూడినదనియు వారు చెప్పిరి. దీనిని మీరు సులువుగా గ్రహింపగలరు. పరీక్షకు ముందే ప్రశ్నపత్రమును చూపినచో ప్రతివిద్యార్థియు మొదటితరగతిలోనే గెలుచును. కాని ఆ మార్కులు వానికి ఆ పాఠము తెలియునని చెప్పవు. ఆ పత్రము తెలియునని మాత్రమే చెప్పును. నిజమైన దొంగ తాను తెచ్చుచున్నదేమో ముందుగా చెప్పి రాడు.

యంత్రములను కొనదలచిన శాఖవారు ఈ విమర్శను అంగీకరింపలేదు. అయినను మరల మరింత గట్టి పరీక్షలు జరుపవలసి వచ్చెను. ఆ పరీక్షలలో క్రొత్తయంత్రములు కొన్ని సందర్భములయందు మెరుగుగాను, మరికొన్నిటియందు పాతవానికంటె పెద్ద భేదము లేకుండను కనబడెను. తుదకు 2011లో ఆ ప్రయత్నమును మొదట తలచిన రీతిగా సాగింపక విరమించిరి. అప్పటికే చాలధనము, అయిదేండ్ల కాలము గడచిపోయెను. అయినను ప్రశ్నించువారు లేకున్నచో నష్టము ఇంకను ఎన్నియోరెట్లు పెరిగియుండును. పరీక్షనే పరీక్షించినవారుండుటచేత ఆ దేశము ఆ మేరకు బ్రతికినది.

మన దేశములో గూడ ఇట్టి కావలి కాయువారు కలరు. ప్రభుత్వపు వ్యయమును తనిఖీ చేయుటకు రాజ్యాంగమే మహాలేఖాపరీక్షకుని నియమించినది. సంతానం సంఘపు సిఫారసుననుసరించి 1964లో కేంద్ర నిఘాసంఘము ఏర్పడినది. 2005 నాటి సమాచారహక్కు చట్టమువలన ఏ పౌరుడైనను, "ఈ గోడకు ఎంత ఖర్చుచేసిరి? ఎవరు కొలిచిరి?" అని అడుగవచ్చును. రక్షణకు భంగము కలిగించు రహస్యములను మాత్రము ఇయ్యనక్కరలేదు. ఇచ్చట నొక వివేకము కావలెను. కెమేరాలు ఎచ్చట దాగియున్నవో చెప్పుట అపాయకరము. ఆ కెమేరాలకు ఎంత వెల యిచ్చిరో దాచుట అంతకంటె అపాయకరము. రక్షణయను మాటను అడ్డుపెట్టుకొని లెక్కలను దాచువాడు రక్షణకే శత్రువు.

అట్లని ప్రతి అధికారిని దొంగగా చూచుటయు తప్పే. సంతకము చేసినచో ఏ నింద వచ్చునోయని భయపడి నిజాయితీపరుడైన ఉద్యోగి కాగితములను బల్లపై కదలనీయకున్నచో, కూలిన గోడ కూలినట్లే యుండును. ఆ సందులోనుండి దొంగ సుఖముగా పోవును. అన్నిటికంటె తక్కువ ధరయే అన్నిటికంటె మేలని తలచుటయు పొరపాటే. ఇరువదియేండ్లు నిలుచు గోడ, అయిదేండ్లకు కూలు గోడకంటె కొంత ఖరీదైనను నిజమునకు చౌకయే. మరియు కట్టుటకు ధనమిచ్చి కాపాడుటకు ధనమియ్యకుండుట తరచుగా జరుగు తప్పు. ఆరిపోయిన దీపమును మార్చువారు లేనిచో, త్రుప్పుపట్టిన తీగను బిగించువారు లేనిచో, ఎంత గొప్పకంచెయైనను కొలదికాలములోనే అలంకారమాత్రమగును.

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు తిరిగివత్తము. సముద్రము అందరిదియే. అందుచేతనే దాని ద్వారమును కాపాడు బాధ్యతయు అందరిది. ఆ గోడలోని ప్రతి ఇటుకయు ప్రజలు చెల్లించిన పన్నులతో కొన్నది. దానిలో ఒక పిడికెడు సిమెంటు తగ్గినను ఆ పిల్లవాని తండ్రి సొమ్మే తగ్గినది. ఆ పిల్లవాని రక్షణయే తగ్గినది. నేడు ఎనిమిదవ తరగతిలో నున్న మీలో కొందరు రేపు ఇంజనీర్లై కొలతలు తీయుదురు. కొందరు గుత్తేదారులై పనులు చేయుదురు. కొందరు లెక్కలు తనిఖీ చేయుదురు. కొందరు ద్వారమువద్ద కావలి నిలుతురు. అందరును ఓటు వేయుదురు. చేనుకు కంచె కావలి. కంచెకు కావలి మీరే.